రిలే ఆథెంటికేషన్ ఓసారి పనిచేస్తోంది, ఓసారి 535 కొడుతోంది. ఎక్కడ వెతకాలి?

క్యూలో_కాగితం
మా మెయిల్ సర్వర్‌లో పోస్ట్‌ఫిక్స్ (మెయిల్ పంపే సాఫ్ట్‌వేర్) నడుస్తోంది. బయటికి వెళ్లే మెయిల్ అంతా ఒక రిలే సేవ (మా మెయిల్ తీసుకుని ముందుకు చేరవేసే బయటి సర్వర్) ద్వారా, 587 పోర్టు మీద, యూజర్‌నేమ్ పాస్‌వర్డ్‌తో పోతుంది. చాలాకాలం ఏ గొడవా లేకుండా నడిచింది. ఈమధ్యే తంటా మొదలైంది. ఒక మెయిల్ టక్కున వెళ్తుంది. దాని వెనకే పంపిన ఇంకోటి క్యూలో చతికిలబడుతుంది. లాగ్‌లో "సాసల్ ఆథెంటికేషన్ ఫెయిల్డ్" అని, పక్కన అవతలి సర్వర్ జవాబు 535 5.7.8 అని ఉంటుంది (సాసల్ అంటే లాగిన్ పద్ధతి, 535 అంటే లాగిన్ చెల్లలేదని). కాసేపాగితే అదే మెయిల్, అదే పాస్‌వర్డ్‌తో, తనంతట తనే వెళ్లిపోతుంది. పోస్ట్‌ఫిక్స్ రీస్టార్ట్ చేస్తే కొంచెం సేపు బాగుంటుంది. పాస్‌వర్డ్ మార్చి చూశాను, ఏం తేడా లేదు. రిలే వాళ్లకు రాస్తే "మా వైపు అంతా సవ్యంగానే ఉంది, మీ పాస్‌వర్డ్ సరిచూసుకోండి" అని రెడీమేడ్ జవాబు పంపారు. పాస్‌వర్డే తప్పయితే ఏ మెయిలూ వెళ్లకూడదు కదా? పైవాళ్లు రోజూ అడుగుతున్నారు, టెన్షన్‌గా ఉంది.

ఊరికే_చూస్తున్నా
పాస్‌వర్డ్ తప్పు.

క్యూలో_కాగితం
చివరి రెండు వాక్యాల దాకా చదివారా మీరు?

పాతకాపు
ముందు ఒకటి తేల్చండి. మీ యూజర్లు మీ సర్వర్‌కి లాగిన్ అయ్యేటప్పుడు వస్తోందా, మీ సర్వర్ రిలేకి లాగిన్ అయ్యేటప్పుడు వస్తోందా? జనం రెండింటినీ రిలే ఆథెంటికేషన్ అనే అంటారు. సెట్టింగులు మాత్రం పూర్తిగా వేరు. ఎస్ఎంటీపీడీ_సాసల్ అని మొదలయ్యేవి మన గుమ్మంలోకి వచ్చేవాళ్ల కోసం. ఎస్ఎంటీపీ_సాసల్ అని మొదలయ్యేవి మనం బయటికి వెళ్లడానికి. మధ్యలో ఆ ఒక్క "డీ" చూడక తప్పు సెట్టింగ్‌నే గంటలకొద్దీ తిప్పినవాళ్లు చాలామంది తెలుసు నాకు.

క్యూలో_కాగితం
రెండోది. యూజర్లు మా సర్వర్‌కి ఏ ఇబ్బందీ లేకుండా లాగిన్ అవుతున్నారు, మెయిల్ క్యూలోకి చేరుతోంది. అక్కడి నుంచి రిలేకి వెళ్లేటప్పుడే గొడవ.

రాత్రిషిఫ్ట్
పాస్‌వర్డ్ ఫైల్ మార్చాక పోస్ట్‌మ్యాప్ (ఆ ఫైల్ నుంచి పోస్ట్‌ఫిక్స్ చదివే డీబీ ఫైల్ తయారుచేసే కమాండ్) నడిపారా? నడపకపోతే పాత డీబీ ఫైల్‌నే చదువుతుంది.

సన్నజాజి
అదే అయితే ప్రతిసారీ ఫెయిల్ అవ్వాలి కదా రాత్రిషిఫ్ట్ గారూ. పైగా డీబీ ఫైల్ కంటే అసలు ఫైల్ కొత్తదైతే పోస్ట్‌ఫిక్స్ లాగ్‌లో హెచ్చరిక రాస్తుంది. ఇక్కడ గమనించాల్సింది ఊగిసలాట. ఒకటే అనుకుంటున్న చోట ఎక్కడో రెండున్నాయి. రెండు దారులో, రెండు మెషీన్లో, రెండు పాస్‌వర్డ్ కాపీలో. ఆ రెండోది ఏదో పట్టుకుంటే పని అయిపోయినట్టే.

లాగ్‌పురుగు
జాజి గారి మాటకు ఇంకో ముక్క. ఎర్రర్ నంబర్లను విడివిడిగా ఏరండి, అన్నీ ఒకే గంపలో వేయొద్దు. 535 అంటే మన సర్వర్ ఏదో ఒక పాస్‌వర్డ్ చూపించింది, వాళ్లు కాదన్నారు. 530 5.7.0 అంటే ముందు స్టార్ట్‌టీఎల్ఎస్ చెయ్యి, అంటే కనెక్షన్‌ని టీఎల్ఎస్ రహస్య లిపిలోకి మార్చు, అంటున్నారు. 554 రిలే యాక్సెస్ డినైడ్ అయితే మనవాడు అసలు లాగిన్ కాకుండానే మెయిల్ ఇవ్వబోయాడు. 454 అయితే వాళ్ల వైపే తాత్కాలికంగా ఏదో చెడింది. మీ లాగ్‌లో 535 ఒక్కటే ఉందా, వేరేవి కూడా ఉన్నాయా?

క్యూలో_కాగితం
ఇప్పుడే వెతికాను. దాదాపు అన్నీ 535లే. కానీ అక్కడక్కడా 554 రిలే యాక్సెస్ డినైడ్ కూడా ఉంది! అవి క్యూలో ఆగలేదు, పంపినవాళ్లకు బౌన్స్ అయ్యాయి. ఇవి ఇంతవరకు నా కంట పడలేదు.

లాగ్‌పురుగు
అయితే మీకు ఒక జబ్బు కాదు, రెండు. 535లు క్యూలో ఎందుకు ఆగుతున్నాయంటే, పోస్ట్‌ఫిక్స్‌లో ఎస్ఎంటీపీ_సాసల్_ఆథ్_సాఫ్ట్_బౌన్స్ అనే సెట్టింగ్ మామూలుగా యెస్ అనే ఉంటుంది. 535 శాశ్వత తిరస్కారమే అయినా, దాన్ని తాత్కాలికంగా లెక్కేసి మళ్లీ ప్రయత్నిస్తుంది. మొదటి విరామం 300 సెకన్లు, పెరుగుతూ పోయి 4000 దాకా, మొత్తం 5 రోజుల వరకు. అందుకే తనంతట తనే వెళ్లిపోతోంది. 554కి ఆ వెసులుబాటు లేదు, నేరుగా బౌన్స్.

గుడ్లగూబ
నా అనుమానం కనెక్షన్ల మీద. కొన్ని రిలే సేవలు ఒకే అకౌంట్ నుంచి ఒకేసారి ఎక్కువ కనెక్షన్లు వస్తే లాగిన్‌ని తిప్పికొడతాయి. పోస్ట్‌ఫిక్స్ ఒకే గమ్యానికి ఒకేసారి 20 దాకా తెరవగలదు. దాన్ని 1కి దించి చూడండి. మా దగ్గర అలాగే తగ్గింది.

పాతకాపు
అలా తిప్పికొట్టేవాళ్లు సాధారణంగా 421 అనో 454 అనో అంటారు గానీ 535 అనరు. నాకు నమ్మకం లేదు. అయినా చేసి చూడండి, ఖర్చేముంది.

ఊరికే_చూస్తున్నా
ఈ తలనొప్పంతా ఎందుకు, సొంత మెయిల్ సర్వర్ మూసేసి హాయిగా నిద్రపోండి.

రాత్రిషిఫ్ట్
ప్రతి మెయిల్ చర్చలో మూడో పేజీలోపు ఈ సలహా రావాలని రూలేమైనా ఉందా?

ఊరికే_చూస్తున్నా
ఇది ఇంకా మొదటి పేజీయే. నేను ముందున్నాను.

క్యూలో_కాగితం
గుడ్లగూబ గారూ, 1కి దించాను. మెయిల్ నెమ్మదించింది, 535 మాత్రం అలాగే వస్తోంది. ఒక్క కనెక్షన్ ఉన్నప్పుడు కూడా.

గుడ్లగూబ
సరే, నా అనుమానం అవుట్. తిరిగి పెంచేసుకోండి.

సన్నజాజి
లాగ్‌లో రిలే= అని ఉన్నచోట పేరు, దాని పక్కన బ్రాకెట్లో ఐపీ అడ్రస్ ఉంటాయి. ఫెయిలైనవాటి అడ్రస్‌లు ఒక పక్క, వెళ్లినవాటివి ఒక పక్క పెట్టి చూడండి. రిలే పేరుకి నాలుగైదు అడ్రస్‌లు ఉండి, వాటిలో ఒకటి చెడిపోయి ఉండొచ్చు. ఐపీవీ6 అడ్రస్ కూడా ఉంటే దాన్నీ చూడండి. పోస్ట్‌ఫిక్స్ ఓసారి అటు, ఓసారి ఇటు వెళ్తుంది.

రాత్రిషిఫ్ట్
ఐపీవీ6 మా కొంప ముంచింది ఒకసారి. మా రిలే పాస్‌వర్డ్‌తో కాదు, మా ఐపీ చూసి లోపలికి రానిచ్చేది. వాళ్లకు మేమిచ్చింది ఐపీవీ4 అడ్రస్ ఒక్కటే. సర్వర్‌కి కొత్తగా ఐపీవీ6 వచ్చిన రోజు నుంచి సగం మెయిళ్లు బౌన్స్. ఇనెట్_ప్రొటోకాల్స్‌ని ఐపీవీ4 అని పెట్టాక గానీ ఊపిరాడలేదు.

క్యూలో_కాగితం
చూశాను. ఫెయిలైనా, వెళ్లినా ఒకే అడ్రస్. రిలే పేరుకి డీఎన్ఎస్‌లో ఉన్నది కూడా ఆ ఒక్కటే. ఐపీవీ6 లేదు. కాబట్టి ఇది కూడా కాదు.

సన్నజాజి
తొందరపడకండి. అడ్రస్ ఒకటైనంత మాత్రాన మెషీన్ ఒకటే అని లేదు. ముందు లోడ్ బ్యాలెన్సర్ (వచ్చే కనెక్షన్లను మెషీన్లకు పంచేది) ఉంటే వెనక ఎన్నైనా ఉండొచ్చు. అసలు నిజానికి, అడ్రస్‌లు వేరువేరుగా ఉంటేనే మీకు ఇంత ఇబ్బంది ఉండేది కాదు. ఒకచోట తాత్కాలికంగా కాదంటే పోస్ట్‌ఫిక్స్ అప్పటికప్పుడే ఇంకో అడ్రస్‌ని తట్టేది, మెయిల్ వెళ్లిపోయేది. ఒకటే అడ్రస్ కాబట్టి వెంటనే క్యూలోకి తోస్తోంది.

రిలేకి చేత్తో కనెక్ట్ అయి మొదటి పలకరింపు వరుస చూడండి. 220 తర్వాత ఒక పేరు వస్తుంది. నాలుగుసార్లు కనెక్ట్ అయితే నాలుగుసార్లూ అదే పేరు వస్తుందా?

క్యూలో_కాగితం
చేత్తో అంటే టెల్‌నెట్‌లోనా?

బేస్64బాబు
నా వంతు వచ్చింది. 220 చూడడానికి టెల్‌నెట్ చాలు. కానీ లాగిన్ కూడా చేసి చూడాలంటే టీఎల్ఎస్ కావాలి కాబట్టి ఓపెన్‌ఎస్ఎస్ఎల్‌లోని ఎస్_క్లయింట్ వాడండి, స్టార్ట్‌టీఎల్ఎస్ ఎస్ఎంటీపీ అనే ఆప్షన్‌తో. కనెక్ట్ అయ్యాక ఈహెచ్ఎల్ఓ (మన పలకరింపు, జవాబుగా సర్వర్ తనకు వచ్చినవి చెప్తుంది) కొట్టండి, తర్వాత ఆథ్ ప్లెయిన్ (పాస్‌వర్డ్‌ని ఉన్నదున్నట్టు ఇచ్చే లాగిన్ పద్ధతి) అని రాసి, బేస్64లో మార్చిన యూజర్‌నేమ్ పాస్‌వర్డ్ ఇవ్వండి. ఆ ముద్దలో మొదట ఒక శూన్య బైటు, యూజర్‌నేమ్, మళ్లీ శూన్య బైటు, పాస్‌వర్డ్ ఉండాలి. దాన్ని తయారుచేయడానికి ఎకో వాడితే చివర కొత్త వరుస గుర్తు అంటుకుని పాస్‌వర్డ్‌లో కలిసిపోతుంది, 535 వస్తుంది, మీరు కొత్త అనుమానాల్లో పడతారు. ప్రింట్ఎఫ్ వాడండి. పాస్‌వర్డ్‌లో డాలర్ గుర్తు ఉంటే ఒంటి కోట్లలో పెట్టండి, లేకపోతే షెల్ దాన్ని మింగేస్తుంది.

లాగ్‌పురుగు
ఇంకొకటి. ఎస్_క్లయింట్‌లో ఆర్‌సీపీటీ (మెయిల్ ఎవరికో చెప్పే కమాండ్) అని పెద్దక్షరాలతో మొదలుపెట్టొద్దు. వరుస మొదట్లో పెద్ద ఆర్ కనిపిస్తే మళ్లీ టీఎల్ఎస్ మాట్లాడమన్నారు కాబోలు అనుకుని అది రీనెగోషియేషన్‌కి దిగుతుంది. చిన్నక్షరాలతో కొట్టండి, ఎస్ఎంటీపీకి రెండూ ఒకటే.

రాత్రిషిఫ్ట్
ఓహో, అందుకా అది! ఇన్నాళ్లూ అవతలి సర్వర్‌ని తిట్టుకుంటున్నాను.

బేస్64బాబు
క్యూలో_కాగితం, ఇక్కడ లాగ్ అతికించేటప్పుడు ఆథ్ వరుస తీసేయండి. బేస్64 తాళం కాదు. చూసిన ఎవడైనా ఒక్క కమాండ్‌తో విప్పుతాడు.

వరండా
మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి, నాదీ ఇలాంటిదే. మా దగ్గర ఉదయం అందరూ పని మొదలుపెట్టే వేళకు యూజర్లకు లాగిన్ ఫెయిల్. 454 4.7.0 టెంపరరీ ఆథెంటికేషన్ ఫెయిల్యూర్ అని. పది పన్నెండు దాటితే అంతా సర్దుకుంటుంది. పోస్ట్‌ఫిక్స్, వెనక లాగిన్‌లు సరిచూసే డవ్‌కాట్, పాస్‌వర్డ్‌లు డేటాబేస్‌లో.

పాతకాపు
మీది "డీ" ఉన్న రకం. వేరే చర్చ తెరిస్తే బాగుండేది గానీ వచ్చారు కాబట్టి కూర్చోండి. డవ్‌కాట్ లాగ్‌లో ఆథ్ వర్కర్స్ అనే మాట ఎక్కడైనా ఉందా?

వరండా
ఉంది. "ఆథ్ రిక్వెస్ట్ ఇన్ని సెకన్లు క్యూలో ఉంది, ఇంకా ఇన్ని మిగిలాయి" అని బారులు తీరి ఉన్నాయి. ఇంకా పోస్ట్‌ఫిక్స్ లాగ్‌లో లాగిన్ ఫెయిల్డ్ పక్కన యూజీఎఫ్‌జెడ్ అని మొదలయ్యే అర్థంకాని అక్షరాలు కనిపిస్తున్నాయి. ఎవరైనా హ్యాక్ చేస్తున్నారా?

బేస్64బాబు
హ్యాకూ లేదు, గీకూ లేదు. అది "పాస్‌వర్డ్" అనే ఇంగ్లీషు మాట, పక్కన కోలన్, బేస్64లో. ఆథ్ లాగిన్ పద్ధతిలో సర్వర్ అడిగే చివరి ప్రశ్న అదే. ఫెయిలైనప్పుడు పోస్ట్‌ఫిక్స్ ఆ ప్రశ్ననే లాగ్‌లో పడేస్తుంది. దాన్ని చూసి భయపడి ఇక్కడికొచ్చినవాళ్లకు వేరే విభాగం పెట్టాలి.

పాతకాపు
వరండా గారూ, డవ్‌కాట్‌లో పాస్‌వర్డ్ సరిచూసే వర్కర్ల సంఖ్యకు ఒక హద్దు ఉంటుంది, ఆథ్_వర్కర్_మ్యాక్స్_కౌంట్, మామూలుగా 30. ఉదయం అందరి ఫోన్లూ, అందరి కంప్యూటర్లూ ఒక్కసారే తలుపు తడతాయి. ప్రతి తట్టుకీ ఒక డేటాబేస్ ప్రశ్న, దాని మీద హ్యాష్ లెక్క (పాస్‌వర్డ్‌ని వెనక్కి విప్పలేని రూపంలోకి మార్చి పోల్చడం). మీ పాస్‌వర్డ్‌లు బీక్రిప్ట్ అనే హ్యాష్‌లో ఉండి దాని కాస్ట్ (లెక్క ఎంత బరువుగా ఉండాలన్నది) ఎక్కువ పెట్టి ఉంటే ఆ లెక్కకే ప్రాసెసర్ అరిగిపోతుంది. కొత్తగా ఎవరైనా ఆ కాస్ట్ పెంచారేమో కనుక్కోండి.

వరండా
పెంచారు. సెక్యూరిటీ ఆడిట్ తర్వాత. లాగిన్‌లు నెమ్మదించడం కూడా అప్పటి నుంచే, ఇప్పుడు లెక్క కుదురుతోంది.

గుడ్లగూబ
ఆథ్_క్యాష్_సైజ్‌కి కొంచెం మెమరీ ఇవ్వండి, ఒక 10 ఎంబీ చాలు. మామూలుగా అది సున్నా, అంటే క్యాష్ ఉండదు. ఒకసారి సరిపోయిన పాస్‌వర్డ్‌ని గుర్తుపెట్టుకుంటే అదే ఫోన్ మళ్లీ మళ్లీ వచ్చినా డేటాబేస్ దాకా వెళ్లక్కర్లేదు.

సన్నజాజి
నేను ఒప్పుకోను. క్యాష్ పెడితే పాస్‌వర్డ్ మార్చాక కూడా పాతది గంటసేపు చెల్లుతుంది, దాని గడువు మామూలుగా గంట కాబట్టి. ఉద్యోగం మానేసినవాళ్ల అకౌంట్ మూసిన వెంటనే మూతపడాలి కదా. ముందు వర్కర్లు పెంచండి, కాస్ట్‌ని మెషీన్ మోయగలిగినంతకు దించండి.

గుడ్లగూబ
గడువు 5 నిమిషాలు పెట్టుకోవచ్చు. లేదా అకౌంట్ మూసినప్పుడు డవ్‌అడ్మ్ కమాండ్‌తో ఆ యూజర్ క్యాష్ ఫ్లష్ చేసుకోవచ్చు. కాస్ట్ దించమనడం కంటే అదే నయం. ఆడిట్ వాళ్ల ముందు నిలబడాల్సింది వరండా గారు, మనం కాదు.

సన్నజాజి
ఫ్లష్ చేయడం గుర్తుండాలి కదా, నా బాధంతా అదే. గడువు 5 నిమిషాలైతే సరే, అభ్యంతరం లేదు.

వరండా
5 నిమిషాల గడువుతో పెట్టి వర్కర్లు కూడా పెంచుతాను. రేపు ఉదయం చూసి చెప్తా.

క్యూలో_కాగితం
నా చర్చ నాకు తిరిగి ఇస్తారా :) ఎస్_క్లయింట్‌తో చాలాసార్లు కనెక్ట్ అయ్యాను. 220 వరుసలో పేర్లు మారుతున్నాయి! అవుట్1, అవుట్2, అవుట్3 అని ఉన్నాయి. జాజి గారూ, మీరు చెప్పిందే. కానీ మూడింటి మీదా ఆథ్ ప్లెయిన్‌తో లాగిన్ అయితే ప్రతిసారీ 235, అంటే సక్సెస్. ఒక్కటీ ఫెయిల్ కాలేదు. పోస్ట్‌ఫిక్స్ మాత్రం అదే సమయంలో 535 తింటోంది. మతి పోతోంది.

పాతకాపు
మంచి ఆనవాలు దొరికింది. పాస్‌వర్డ్ బాగుంది, మూడు మెషీన్లకీ అది తెలుసు. ఇక తేడా అంతా మీరు అడిగే తీరుకీ పోస్ట్‌ఫిక్స్ అడిగే తీరుకీ మధ్య ఉంది.

లాగ్‌పురుగు
మూడింటి ఈహెచ్ఎల్ఓ జవాబుల్లో 250 ఆథ్ అన్న వరుసలు పక్కపక్కన పెట్టి చూడండి. టీఎల్ఎస్ తర్వాత వచ్చేవి.

క్యూలో_కాగితం
అవుట్1: ప్లెయిన్ లాగిన్
అవుట్2: ప్లెయిన్ లాగిన్
అవుట్3: క్రామ్-ఎండీ5 ప్లెయిన్ లాగిన్

లాగ్‌పురుగు
దొరికాడు దొంగ.

సన్నజాజి
అదే! పోస్ట్‌ఫిక్స్ బయటికి వెళ్లేటప్పుడు లాగిన్ పనిని సైరస్ సాసల్ లైబ్రరీకి అప్పగిస్తుంది. ఆ లైబ్రరీకి అవతలివాళ్లు చూపించిన పద్ధతుల్లో తనకు తెలిసినవాటిలో గట్టిది ఏరుకోవడం అలవాటు. అవుట్1, అవుట్2ల దగ్గర ప్లెయిన్ తప్ప గతి లేదు కాబట్టి అదే వాడుతోంది. అవుట్3 క్రామ్-ఎండీ5 చూపించగానే అటు మొగ్గుతోంది. మీరు చేత్తో ఎప్పుడూ ప్లెయిన్‌తోనే అడిగారు కాబట్టి మీకు ఎప్పుడూ తలుపు తెరుచుకుంది.

క్యూలో_కాగితం
సరే, క్రామ్-ఎండీ5 అయితే ఎందుకు ఫెయిల్ అవ్వాలి? పాస్‌వర్డ్ అదే కదా?

సన్నజాజి
క్రామ్‌లో పాస్‌వర్డ్ తీగ మీద ప్రయాణించదు. సర్వర్ ఒక సవాలు విసురుతుంది, మనం పాస్‌వర్డ్‌తో దాని మీద ఒక లెక్క చేసి జవాబు పంపుతాం, సర్వర్ కూడా అదే లెక్క చేసి పోల్చుకుంటుంది. అంటే సర్వర్ దగ్గర అసలు పాస్‌వర్డ్, లేదా ఆ లెక్కకు పనికొచ్చే రూపం దాచి ఉండాలి. బీక్రిప్ట్ లాంటి హ్యాష్ మాత్రమే ఉంటే ఆ లెక్క సాధ్యం కాదు. పాస్‌వర్డ్ ఎంత సరైనదైనా 535 తప్పదు. బహుశా అవుట్3 కొత్తగా పెట్టిన మెషీన్ అయ్యుంటుంది, పద్ధతుల జాబితాని ఎవరూ కత్తిరించి ఉండరు.

పాతకాపు
పాతకాలంలో టీఎల్ఎస్ లేని రోజుల్లో క్రామ్‌కి విలువ ఉండేది. 1997 నాటి ఆర్ఎఫ్‌సీ (ఇంటర్నెట్ పద్ధతుల పత్రం) 2195 అది. ఇప్పుడు టీఎల్ఎస్ లోపల ప్లెయిన్ పంపడమే మేలు, సర్వర్ వైపు హ్యాష్‌లు దాచుకోవచ్చు.

రాత్రిషిఫ్ట్
ఇప్పుడు మందేమిటో చెప్పండి, చరిత్ర తర్వాత.

లాగ్‌పురుగు
పోస్ట్‌ఫిక్స్ సెట్టింగుల ఫైలైన మెయిన్.సీఎఫ్‌లో ఎస్ఎంటీపీ_సాసల్_మెకానిజం_ఫిల్టర్ అనే వరుస పెట్టి దానికి ప్లెయిన్, లాగిన్ అని ఇవ్వండి. రీలోడ్ చేయండి. ఇక అవతలివాళ్లు ఏం చూపించినా మనవాడు ఆ రెండింటినే చూస్తాడు. మార్చేముందు నిజంగా అవుట్3 దగ్గరే పడుతోందా అని తేల్చుకోవాలంటే డీబగ్_పీర్_లిస్ట్‌లో రిలే పేరు పెట్టండి, ఆ ఒక్క గమ్యానికే మొత్తం సంభాషణ లాగ్‌లో పడుతుంది. పని అయ్యాక తీసేయండి, ఆ లాగ్‌లో ఆథ్ వరుసలు కూడా ఉంటాయి.

క్యూలో_కాగితం
డీబగ్ పెట్టి చూశాను. 535 వచ్చిన ప్రతిచోటా పైన 220 అవుట్3, కింద ఆథ్ క్రామ్-ఎండీ5. ఒక్కటీ తప్పలేదు. ఫిల్టర్ పెట్టి రీలోడ్ చేశాను.

ఒక సందేహం మిగిలింది. రీస్టార్ట్ చేస్తే ఎందుకు బాగయ్యేది మరి?

పాతకాపు
బాగవ్వలేదు. రీస్టార్ట్ తర్వాత మీరు క్యూని ఫ్లష్ చేసి ఉంటారు, మూడింట రెండు వంతులు మంచి మెషీన్లకు తగిలి వెళ్లిపోతాయి. రెండోసారి ఫ్లష్ చేస్తే మిగిలినవాటిలో మళ్లీ అంతే. క్యూ ఖాళీ అయ్యేసరికి రీస్టార్ట్ మహిమ అనిపిస్తుంది. దేవుడికి మొక్కినా అదే ఫలితం వచ్చేది.

గుడ్లగూబ
554ల సంగతి మర్చిపోయారు అందరూ.

నిప్పుగోడ
నేను అందుకే ఆగాను. క్యూలో_కాగితం గారూ, మీకు ఇంటర్నెట్ లైన్లు రెండా? ఒకటి పడిపోతే రెండోదానికి మారేలా ఉందా?

క్యూలో_కాగితం
అవును. ఒకటి ప్రధానం, ఒకటి స్టాండ్‌బై. ఎలా కనిపెట్టారు?

నిప్పుగోడ
554లు వచ్చిన టైములూ, లైన్ మారిన టైములూ పోల్చండి. రెండో లైన్ వేరే ఫైర్‌వాల్ గుండా పోతుంటే దాని మీద ఎస్ఎంటీపీ తనిఖీ ఆన్‌లో ఉందేమో చూడండి. కొన్ని ఫైర్‌వాల్స్ మెయిల్ సంభాషణలో తమకు నచ్చని మాటల్ని చెరిపేస్తాయి. 220 పలకరింపు మీద నక్షత్రపు గుర్తులు పూస్తాయి. ఈహెచ్ఎల్ఓ జవాబులో స్టార్ట్‌టీఎల్ఎస్ అన్న మాటను ఎక్స్‌లతో కొట్టేస్తాయి. ఎక్స్‌లు వరసగా, చివర ఒక ఏ. ఆ వరుస కనిపిస్తే ఇంకేం అడగక్కర్లేదు.

క్యూలో_కాగితం
రెండో లైన్ మీద నుంచి టెల్‌నెట్ చేశాను. 220 తర్వాత అన్నీ నక్షత్రాలే. ఈహెచ్ఎల్ఓలో ఎక్స్‌ఎక్స్‌ఎక్స్‌ఎక్స్‌ఎక్స్‌ఎక్స్‌ఎక్స్‌ఏ. 554లన్నీ లైన్ మారిన సమయాలవే.

నిప్పుగోడ
ఇక కథ తెలిసిందే. మీ ఎస్ఎంటీపీ_టీఎల్ఎస్_సెక్యూరిటీ_లెవెల్ "మే" అని ఉండుంటుంది. అంటే టీఎల్ఎస్ దొరికితే వాడు, లేకపోతే లేకుండా వెళ్లు అని. ఫైర్‌వాల్ ఆ మాట చెరిపేసింది కాబట్టి లేకుండా వెళ్లాడు. రిలే టీఎల్ఎస్ లేనివాళ్లకు ఆథ్ వరుసే చూపించదు. ఆథ్ కనిపించలేదు కాబట్టి మనవాడు లాగిన్ కాకుండానే మెయిల్ ఇవ్వబోయాడు. నువ్వెవరో తెలీదు పొమ్మన్నారు. బౌన్స్.

సన్నజాజి
దాన్ని "ఎన్‌క్రిప్ట్" అని మార్చండి, ఇప్పుడే. బౌన్స్ కంటే పెద్ద భయం ఇంకొకటుంది. రిలే పొరపాటున టీఎల్ఎస్ లేకుండానే ఆథ్ చూపించి ఉంటే మీ పాస్‌వర్డ్ బహిరంగంగా తీగ మీద వెళ్లిపోయేది. ఎన్‌క్రిప్ట్ పెడితే టీఎల్ఎస్ దొరకనప్పుడు మెయిల్ క్యూలో ఆగుతుంది, లైన్ తిరిగొచ్చాక వెళ్తుంది.

రాత్రిషిఫ్ట్
అదే చేస్తే రెండో లైన్ ఉన్నంతసేపూ మెయిలే పోదు కదా? స్టాండ్‌బై ఎందుకిక?

నిప్పుగోడ
ఫైర్‌వాల్‌లో ఆ తనిఖీ తీసేయాలి. అది లేకపోయినా ప్రాణం పోదు. తీయడం చేతిలో లేకపోతే 465 పోర్టు. అక్కడ మొదటి బైటు నుంచే టీఎల్ఎస్, మధ్యలో చెరిపేయడానికి మాటే కనిపించదు. పోస్ట్‌ఫిక్స్ 3.0 నుంచి ఎస్ఎంటీపీ_టీఎల్ఎస్_ర్యాపర్‌మోడ్‌ని యెస్ అంటే చాలు, సెక్యూరిటీ లెవెల్ ఎన్‌క్రిప్ట్ ఉండాలి. 2018లో వచ్చిన ఆర్ఎఫ్‌సీ 8314 కూడా 465నే మేలంటుంది.

బేస్64బాబు
పోర్టు మారిస్తే పాస్‌వర్డ్ ఫైల్లో ఎడమ పక్క పేరు కూడా మార్చండి. రిలేహోస్ట్ సెట్టింగ్‌లో చదరపు బ్రాకెట్లు, పోర్టు ఎలా రాశారో అక్కడా అచ్చంగా అలాగే ఉండాలి. ఒకచోట 465, ఇంకోచోట 587 ఉంటే పాస్‌వర్డ్ దొరకదు, మళ్లీ 554లే. తర్వాత పోస్ట్‌మ్యాప్.

రాత్రిషిఫ్ట్
చూశారా, నా పోస్ట్‌మ్యాప్ చివరికి పనికొచ్చింది.

వరండా
మా దగ్గర ఈ ఉదయం 454లు రాలేదు. క్యూ హెచ్చరికలు ఒకటీ అరా ఉన్నాయి. ఒక అకౌంట్ మాత్రం నిమిషానికి లెక్కలేనన్ని సార్లు తప్పు పాస్‌వర్డ్‌తో వస్తోంది. ఎవరిదో పాత ఫోన్, మార్చిన పాస్‌వర్డ్ అందులో పెట్టలేదు.

గుడ్లగూబ
ఫెయిల్2బ్యాన్ (తప్పు లాగిన్‌లు ఎక్కువైన ఐపీని అడ్డుకునేది) ఉంటే జాగ్రత్త. అందరూ ఒకే పబ్లిక్ ఐపీ వెనక ఉంటే ఆ ఒక్క ఫోన్ పుణ్యాన మొత్తం ఆఫీసుకి తలుపు మూసేస్తుంది. మీ సొంత ఐపీని మినహాయింపు జాబితాలో పెట్టండి.

వరండా
పెట్టలేదు, ఇప్పుడే పెడుతున్నా. ఆ ఫోన్ ఎవరిదో కూడా వెతకాలి.

క్యూలో_కాగితం
ఫిల్టర్ పెట్టాక 535 ఒక్కటీ రాలేదు. ఎన్‌క్రిప్ట్ పెట్టాను. ఫైర్‌వాల్ వాళ్లు తనిఖీ తీయడానికి అనుమతులు కావాలన్నారు, అంతవరకు 465కి మారాను, రెండో లైన్ మీద కూడా మెయిల్ పోతోంది. అవుట్3 మీద ఆథ్ వరుస, డీబగ్ లాగ్ ముక్క జతచేసి రిలే వాళ్లకు మళ్లీ రాశాను, ఆథ్ జవాబు తీసేసి.

ఊరికే_చూస్తున్నా
ఏమన్నారు, పాస్‌వర్డ్ సరిచూసుకోమన్నారా?

క్యూలో_కాగితం
మొదట అదే అన్నారు. రెండోసారి రాస్తే వేరే మనిషి చూసి, అవుట్3లో పద్ధతుల జాబితా సరిచేశామని చెప్పారు. ఇప్పుడు మూడింటి మీదా ప్లెయిన్, లాగిన్ మాత్రమే కనిపిస్తున్నాయి.

లాగ్‌పురుగు
అయినా ఫిల్టర్ తీయొద్దు. రేపు అవుట్4 పెడతారు.